తీర్పు చెప్పేవారు ఎక్కడ నిలబడాలి?
ఆంగ్ల అపరాధ పరిశోధక కథల్లో న్యాయం, క్రైస్తవ నైతికత

ప్రస్తావన

హంతకుడెవరో తేలగానే డిటెక్టివ్ కథ ముగిసినట్టే అనుకుంటాం. నైతికంగా అసలు ప్రశ్న అప్పుడే మొదలవుతుంది: దొరికిన మనిషిని ఏం చేయాలి? బ్రిటన్‌లో 1965 చట్టం వచ్చేదాకా హత్యకు ఉరిశిక్ష ఉండేది. కాబట్టి ఆ కాలపు కథల్లో ఒకరి పేరు బయటపెట్టడమంటే అతన్ని ఉరికంబం దాకా నడిపించడమే. జి.కె.చెస్టర్టన్, డొరొతీ ఎల్.సేయర్స్, అగాథా క్రిస్టీ ఈ భారాన్ని మూడు రకాలుగా మోశారు. 1930లో లండన్‌లో ఏర్పడిన డిటెక్షన్ క్లబ్‌కు ముగ్గురూ వేర్వేరు కాలాల్లో అధ్యక్షులు.

క్రైస్తవ దృష్టిలో ఒక తీర్పు విలువ అది ఎంత కఠినం, ఎంత మృదువు అన్నదాన్ని బట్టి తేలదు. తీర్పు చెప్పే మనిషి తననూ అదే తీర్పు కింద నిలుపుకున్నాడా అన్నదే గీటురాయి. ఈ వ్యాసం ప్రతిపాదన ఇదే.

లేఖన భూమిక

రోమీయులకు రాసిన పత్రికలో పన్నెండవ అధ్యాయం చివర పగ తీర్చుకోవడం దేవుని పని అని పౌలు చెబుతాడు. వెంటనే పదమూడవ అధ్యాయంలో నేరాన్ని శిక్షించే అధికారం పాలకులకు ఉందంటాడు. యోహాను సువార్త ఎనిమిదవ అధ్యాయంలో వ్యభిచారం చేసిన స్త్రీని పట్టి తెచ్చినవారి చూపును యేసు వాళ్ల పాపాల వైపే తిప్పుతాడు. కానీ ఆమె చేసింది తప్పు కాదని ఆయన అనడు. వ్యక్తికి పగ తీర్చుకునే హక్కు లేదు, సమాజానికి శిక్షించే బాధ్యత ఉంది, తన పాపాన్ని మరిచే అనుమతి ఎవరికీ లేదు. ఈ మూడింటినీ కలిపి పట్టుకోవడమే కష్టం.

చెస్టర్టన్: క్షమకు ముందు నిజం

1911 సంపుటిలోని ‘ది హ్యామర్ ఆఫ్ గాడ్’ కథలో విల్‌ఫ్రెడ్ బోహన్ అనే చర్చి గురువు గోపురం మీద నుంచి సుత్తి జారవిడిచి, దుర్మార్గుడైన అన్నను చంపుతాడు. అంత ఎత్తున ప్రార్థిస్తూ కిందివాళ్లను పురుగుల్లా చూడడం అలవాటై, తీర్పు తీర్చే హక్కు తనదేనని అతను భ్రమపడ్డాడు. ఈ సంగతి పట్టుకున్న డిటెక్టివ్ గురువు ఫాదర్ బ్రౌన్ పోలీసులను పిలవడు, లొంగిపోయే నిర్ణయాన్ని అతనికే వదిలేస్తాడు. విల్‌ఫ్రెడ్ తనంతట తానే వెళ్లి నేరం ఒప్పుకుంటాడు. ఫాదర్ బ్రౌన్ ఇచ్చిన అవకాశం నేరస్థుణ్ణి న్యాయస్థానం వైపే నడిపించింది.

ఈ ఆలోచన 1927 సంపుటిలోని ‘ది చీఫ్ మోర్నర్ ఆఫ్ మార్న్’ కథలో మరింత పదునెక్కుతుంది. ద్వంద్వ యుద్ధంలో తన బంధువును చంపి ఏకాంతంలో కుమిలిపోతున్నాడనుకున్న ప్రభువును క్షమించాలని స్నేహితులు వాదిస్తారు. అది నిజాయితీ గల పోరు కాదనీ, చచ్చినట్టు నటించి దగ్గరికి వచ్చినవాణ్ణి కాల్చిన ద్రోహమనీ తేలగానే వాళ్లే అసహ్యించుకుంటారు. తమకు పాపంగా తోచని దాన్నే వాళ్లు క్షమించారని ఫాదర్ బ్రౌన్ నిలదీస్తాడు. తప్పును చిన్నది చేసి మన్నించడం సులువు. దాని పూర్తి పరిమాణం చూశాక కూడా ఆ పాపిని విడవకపోవడమే క్షమ. నేరస్థుడి మనసులోకి దిగి, ఆ హత్య తానే చేయగలనని గుర్తించడమే తన పద్ధతి అని అదే సంపుటిలో ఆ గురువు వివరిస్తాడు.

క్రిస్టీ, సేయర్స్: శిక్షించిన చేతుల భారం

1934 నాటి ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’లో చిన్నారి డెయిజీ హంతకుడు చట్టం నుంచి తప్పించుకుంటాడు. పన్నెండుమంది తమను తాము జ్యూరీగా భావించుకుని అతన్ని పొడిచి చంపుతారు. పసిపిల్లతో పాటు ఒక కుటుంబమే కూలిపోయింది కనుక వాళ్ల వేదనను తేలిగ్గా తోసేయలేం. అయినా జ్యూరీ అంటే పక్షపాతం లేనివారు. ఇక్కడ బాధితులే న్యాయమూర్తులూ తలారులూ అయ్యారు. పౌలు వేరు చేసిన పగ, అధికారం రెండూ ఒకే కత్తిలో కలిసిపోయాయి. పోలీసులకు అబద్ధపు పరిష్కారం చెప్పడానికి క్రిస్టీ డిటెక్టివ్ పొయిరో సమ్మతిస్తాడు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాసి 1975లో ప్రచురించిన ‘కర్టెన్’లో క్రిస్టీ ఇదే ప్రశ్నకు తిరిగి వస్తుంది. చట్టానికి చిక్కని దుష్టుణ్ణి ఈసారి పొయిరోనే చంపుతాడు. చేసింది సరైనదో కాదో తేల్చుకోలేక, తన మందును అందకుండా దూరంగా పెట్టి, తీర్పును దేవునికి వదిలి మరణిస్తాడు. ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ కథలో కనిపించని ఆత్మవిచారణ ఇక్కడ ఉంది.

చర్చి గురువు కూతురైన సేయర్స్ రాసిన ‘బస్‌మన్స్ హనీమూన్’ (1937)లో చట్టం తన పని తాను చేస్తుంది. తాను పట్టించిన మనిషికి డిటెక్టివ్ వింసీయే పేరున్న న్యాయవాదిని ఏర్పాటు చేస్తాడు. ఉరి తీసే ఉదయం భార్య ఒడిలో కూలిపోయి ఏడుస్తాడు. శిక్ష న్యాయమైనదే, కానీ దాన్ని తెచ్చిన మనిషి చేతులు దులుపుకుని వెళ్లలేదు.

ముగింపు

నిర్ణయాన్ని నేరస్థుడికే వదిలే ఫాదర్ బ్రౌన్ పద్ధతి బాధితులకు అన్యాయం చేయదా? ఈ అభ్యంతరం బలమైనది. నేరస్థుడు ఒప్పుకోకపోతే చనిపోయినవారి తరఫున మాట్లాడేదెవరు? కోర్టు అవసరం అందుకే. కరుణ దాన్ని రద్దు చేయలేదు. అయితే ఎదుటివాడిలో తనను చూసుకోలేని కోర్టు పగకు మరో పేరవుతుంది, నేరాన్ని నేరమనలేని కరుణ బాధితుల పట్ల మరో ద్రోహమవుతుంది. ఈ రచయితల్ని ఇప్పటికీ చదవాల్సింది పజిల్ కోసం మాత్రమే కాదు. దోషిని ఖండించే ప్రతి పాఠకుణ్ణీ వాళ్లు సాక్షి బోనులోకి పిలుస్తారు. న్యాయం అడిగే హక్కు ఉన్న మనం ఆ పిలుపుకు జవాబు చెప్పాలి.