ఉప్పునీటి అక్వేరియం: చేపలు వేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

కొత్త ఉప్పునీటి అక్వేరియంలో చేపలు చనిపోవడానికి ముఖ్య కారణం అమ్మోనియా. నీరు తేటగా కనిపించినంత మాత్రాన చేపలకు అనువైనదని అనుకోరాదు.

తొట్టి, నీరు: మొదటిసారి పెంచేవారు కనీసం 100 లీటర్ల గాజు తొట్టి ఎంచుకోవాలి. తొట్టి చిన్నదైతే నీటి గుణాలు త్వరగా మారిపోతాయి. ఆర్.ఓ. నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల అక్వేరియం ఉప్పును విడిగా బకెట్‌లో కలిపి పోయాలి. వంట ఉప్పు వాడరాదు. హైడ్రోమీటరులో విశిష్ట సాంద్రత 1.023–1.025, ఉష్ణోగ్రత 25–27 డిగ్రీల సెల్సియస్, ఉదజని సూచిక 8.1–8.4 ఉండాలి.

నీటిని సిద్ధం చేయడం: పగడపు ఇసుక, లైవ్ రాక్ అమర్చి ఫిల్టర్ నడపాలి. రోజూ చిటికెడు చేపల మేత వేయాలి. అది కుళ్లి అమ్మోనియా తయారవుతుంది. రాళ్లపై పెరిగే బ్యాక్టీరియా దానిని నైట్రైట్‌గా, ఆపై అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇందుకు సాధారణంగా 4–6 వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ పెరిగి, తిరిగి సున్నాకు వచ్చిన తరువాతే చేపలు వేయాలి.

చేపలు: ముందుగా ఒక జత క్లౌన్ చేపలు చాలు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని హేచరీలో ఉత్పత్తి చేసే పద్ధతిని రూపొందించింది. హేచరీ పిల్లలు తొట్టికి, మేతకు త్వరగా అలవాటు పడతాయి. మరికొన్ని చేపలు కావాలంటే నెల తరువాత వేసుకోవాలి.

నిర్వహణ: నీరు ఆవిరైనా ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. కాబట్టి తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్.ఓ. నీరే పోయాలి. వారానికోసారి 10 శాతం నీటిని, అంతే ఉప్పదనం ఉన్న కొత్త నీటితో మార్చాలి. చేపలు నీటి పైభాగానికి చేరి ఆయాసపడుతుంటే మేత ఆపి, వెంటనే అమ్మోనియా పరీక్షించి, పావు వంతు నీరు మార్చాలి.