భారత స్టాక్ ఎక్స్ఛేంజీల క్రమశిక్షణా నియమాలు: సవరణలు, పరిభాష

స్టాక్ ఎక్స్ఛేంజీ తన సభ్యులైన బ్రోకర్లపై వచ్చే ఆరోపణలను విచారించి, హెచ్చరిక నుంచి బహిష్కరణ వరకు చర్య తీసుకోవడానికి పెట్టుకున్న నిబంధనల సముదాయమే క్రమశిక్షణా నియమాలు. భారతదేశంలో ఇవి ఎక్స్ఛేంజీ రూల్స్, బై-లాలు, రెగ్యులేషన్స్ అనే మూడు పత్రాల్లో విడివిడిగా ఉంటాయి. వీటికి తోడు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ సర్క్యులర్లు కూడా వర్తిస్తాయి. 1957లో రూపుదిద్దుకున్న మూల పాఠం ఇప్పటికీ చాలావరకు చెక్కుచెదరలేదు. తీర్పు చెప్పే సంఘం, శిక్ష లెక్కకట్టే పద్ధతి, వాటికి వాడే పేర్లు మాత్రం పలుమార్లు మారాయి. సెబీ చట్టం, మార్కెట్ మోసాల నిషేధ నిబంధనల కింద సెబీ నేరుగా తీసుకునే చర్యలు ఈ వ్యాసం పరిధిలోకి రావు.

ఆరంభ దశ

బొంబాయి బ్రోకర్ల సంఘం పుట్టిన తేదీపై రెండు లెక్కలున్నాయి. ‘నేటివ్ షేర్ అండ్ స్టాక్ బ్రోకర్స్ అసోసియేషన్’ 1875 జూలై 9న ఏర్పడిందని బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీ (బీఎస్ఈ) చెప్పుకుంటుంది. సంఘం నిబంధనావళిగా పనిచేసిన దస్తావేజు మాత్రం 1887 డిసెంబరు 3 నాటిది. సంస్థ చరిత్రకు మొదటి తేదీ సరిపోతుంది. క్రమశిక్షణ నియమాల చరిత్రకు రెండోదే ఎక్కువ ఆధారపడదగినది, ఎందుకంటే రాతపూర్వక నిబంధన లేనిచోట శిక్ష అన్నది సభ్యుల మాట కట్టుబాటుగానే నడిచి ఉంటుంది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సట్టా ముదిరి బొంబాయి మార్కెట్లో చెల్లింపుల చిక్కులు వచ్చాయి. దానిపై విచారణకు లండన్ స్టాక్ ఎక్స్ఛేంజీకి చెందిన సర్ విల్‌ఫ్రెడ్ ఆట్లే అధ్యక్షతన 1923లో కమిటీ వేశారు. ఆ కమిటీ పని ఫలితంగా 1925 బొంబాయి సెక్యూరిటీస్ కాంట్రాక్ట్స్ కంట్రోల్ చట్టం వచ్చింది. బ్రోకర్ల సంఘం రాసుకున్న నిబంధనలకు ప్రభుత్వ ఆమోదం అవసరమన్న సూత్రం ఈ చట్టంతోనే మొదలైందని చెప్పవచ్చు. బొంబాయి ఎక్స్ఛేంజీకి దీని కింద 1927లో గుర్తింపు లభించింది. తర్వాత మారిసన్ కమిటీ (1936–37), పి.జె. థామస్ నివేదిక (1948), గోర్వాలా కమిటీ (1951) ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వీటిలో జాతీయ చట్టానికి దారి వేసింది గోర్వాలా కమిటీయే.

1956 చట్టం: శిక్షల హద్దు

సెక్యూరిటీస్ కాంట్రాక్ట్స్ (రెగ్యులేషన్) చట్టం 1956లో ఆమోదం పొంది, 1957 ఫిబ్రవరి 20 నుంచి అమల్లోకి వచ్చింది. బొంబాయి ఎక్స్ఛేంజీకి అదే ఏడాది ఆగస్టు 31న గుర్తింపు దక్కింది. ఈ చట్టంలోని 9వ సెక్షన్ ఎక్స్ఛేంజీకి బై-లాలు చేసుకునే అధికారం ఇస్తూనే, వాటిని ఉల్లంఘించిన సభ్యుడికి వేయదగిన శిక్షలను పేరుపేరునా చెబుతుంది. అవి జరిమానా, సభ్యత్వం నుంచి బహిష్కరణ, నిర్ణీత కాలం సస్పెన్షన్, డబ్బు చెల్లింపుతో సంబంధం లేని అటువంటి ఇతర శిక్షలు. ఈ చివరి మాట చిన్నదే అయినా ముఖ్యమైనది. ‘జరిమానా’ అన్న ఒక్క తలుపు గుండా తప్ప సభ్యుడి జేబులో చేయి పెట్టే మరో శిక్ష కనిపెట్టే వీలు ఎక్స్ఛేంజీకి లేదని దీని తాత్పర్యం.

బై-లాను మార్చాలంటే ముసాయిదాను ముందుగా ప్రచురించాలి, నియంత్రణ సంస్థ ఆమోదం పొందాలి, ఆ తర్వాత గెజిట్‌లో వేయాలి. అవసరమైతే ఆ సంస్థ తానే బై-లాను చేయడానికీ, సవరించడానికీ 10వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. ఇంత తతంగం ఉండటంతో, ఎక్స్ఛేంజీలు మూల పాఠాన్ని కదిలించకుండా సర్క్యులర్ల ద్వారానే మార్పులు తేవడం పరిపాటి అయింది. పాత పదాలు పుస్తకంలో ఉండగానే కొత్త పదాలు వాడుకలోకి రావడానికి ప్రధాన కారణం ఇదే.

తప్పుల మూడు తరగతులు

బొంబాయి ఎక్స్ఛేంజీ పాఠంలోనూ, దాన్ని చాలావరకు అనుసరించిన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ (ఎన్ఎస్ఈ) రూల్స్‌లోనూ తప్పులు మూడు తరగతులుగా ఉంటాయి: దుష్ప్రవర్తన, వ్యాపారానికి తగని ప్రవర్తన, వృత్తికి తగని ప్రవర్తన.

మొదటి తరగతిలో మోసం, నిబంధనల ఉల్లంఘన, విచారణకు పుస్తకాలు చూపకపోవడం వంటి వాటితోపాటు ‘అగౌరవకరమైన’, ‘సిగ్గుచేటైన’ నడవడి కూడా ఉంటుంది. ఈ మాటల్లో పెద్దమనుషుల క్లబ్బు వాసన ఇంకా పోలేదు. కచ్చితమైన నిర్వచనం లేని ఇటువంటి పదాలను ఆధారం చేసుకుని శిక్ష వేయడం సహజ న్యాయానికి సరిపడదని విమర్శ ఉంది. ముందుగా ఊహించలేని కొత్తరకం అక్రమాలను పట్టుకోవాలంటే ఇటువంటి విశాలమైన పదం ఒకటైనా ఉండాలన్నది ఎదుటి వాదన.

రెండో తరగతి మార్కెట్ మర్మం తెలిసినవారు రాసినట్టు కనిపిస్తుంది. బినామీ పేర్లతో లావాదేవీలు, కాగితాల మీద మాత్రమే జరిగే కొనుగోళ్లు అమ్మకాలు, పుకార్లు పుట్టించడం, ధరలను కృత్రిమంగా ఎగదోయడం, తన తాహతుకు మించి వ్యాపారం చేయడం, చెల్లని చెక్కు ఇవ్వడం దీని కిందికి వస్తాయి. వీటిలో ‘రాజీ’కి సంబంధించిన నిబంధన ప్రత్యేకంగా చెప్పదగ్గది. సాటి సభ్యుడు బాకీ తీర్చలేని స్థితిలో ఉన్నాడని తెలిసి, ఎక్స్ఛేంజీకి చెప్పకుండా లోపాయికారీగా రూపాయికి ఎనిమిదణాలు పుచ్చుకుని సర్దుకుంటే, ఆ పుచ్చుకున్నవాడూ దోషే. మునిగిపోతున్న బ్రోకరు దగ్గర మిగిలింది ఒకరిద్దరు గుట్టుగా పంచుకుపోతే తక్కిన రుణదాతలకు చిల్లిగవ్వ దక్కదు. పైగా అతను మునిగాడన్న సంగతి బయటపడేసరికి నష్టం రెట్టింపవుతుంది.

మూడో తరగతిలో అనుమతి లేని సెక్యూరిటీల్లో వ్యాపారం, బాకీ పడ్డ ఖాతాదారు తరఫున వ్యాపారం, సస్పెండైన లేదా బహిష్కృతుడైన సభ్యుడితో లావాదేవీలు, మార్జిన్ (లావాదేవీకి ముందుగా ఉంచాల్సిన పూచీ) ఎగవేత, నిబంధనలకు విరుద్ధమైన ప్రకటనలు వంటివి ఉన్నాయి.

శిక్షల వరుసలో హెచ్చరిక, అభిశంసన, జరిమానా, సభ్యత్వ హక్కుల ఉపసంహరణ, సస్పెన్షన్, బహిష్కరణ ఉంటాయి. బహిష్కరణతో సభ్యుడి హక్కులు పోతాయి కానీ అప్పటికే కుదిరిన లావాదేవీల బాధ్యత పోదు.

డిఫాల్టర్, కార్డు

బహిష్కరణ, డిఫాల్టర్ ప్రకటన ఒకటి కావు. బహిష్కరణ ప్రవర్తనకు వేసే శిక్ష. డిఫాల్టర్ అన్నది చెల్లింపు బాధ్యత తీర్చలేని సభ్యుడి విషయంలో ఎక్స్ఛేంజీ ప్రకటించే స్థితి, ఆ ప్రకటనతో అతని ఆస్తులను పోగుచేసి హక్కుదారులకు పంచే ప్రక్రియ మొదలవుతుంది. తెలుగు పత్రికల్లో దీనికి ‘ఎగవేతదారు’ అని రాయడం కనిపిస్తుంది. బ్యాంకు రుణాలను ఉద్దేశపూర్వకంగా ఎగ్గొట్టినవారికీ అదే మాట ఉండటంతో గందరగోళానికి తావుంది. అందుకే ఇక్కడ ‘డిఫాల్టర్’ అనే ఉంచాం.

పాత వ్యవస్థలో సభ్యత్వాన్ని ‘కార్డు’ అనేవారు, అది లక్షలు, కోట్లు పలికేది. బ్రోకరు డిఫాల్టరైతే కార్డు ఎవరిదన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బొంబాయి ఎక్స్ఛేంజీకి సంబంధించిన 1999 నాటి కేసులోనూ, అహ్మదాబాద్ ఎక్స్ఛేంజీకీ ఆదాయపు పన్ను శాఖకూ మధ్య 2001లో తేలిన కేసులోనూ కోర్టు ఎక్స్ఛేంజీల వాదనతో ఏకీభవించింది. కార్డు సభ్యుడి సొంత ఆస్తి కాదనీ, అది వ్యక్తిగత అనుమతి మాత్రమేననీ తేల్చింది. డిఫాల్టర్ కార్డుపై వచ్చే సొమ్ము ముందుగా మార్కెట్ బాకీలకే పోవాలన్న సూత్రం దీనితో గట్టిపడింది.

తీర్పరులు మారిన క్రమం

సంస్కరణల మొదలు 1992లో సెబీకి చట్టబద్ధ హోదా రావడమేనని చాలా పుస్తకాలు రాస్తాయి. నియంత్రణ అంతటికీ అది నిజమే. క్రమశిక్షణ వరకు చూస్తే, 1992 తర్వాత కూడా పాత ఎక్స్ఛేంజీల్లో బ్రోకరును విచారించింది బ్రోకర్ల ఆధిక్యం ఉన్న పాలకవర్గాలే. 1992 నవంబరులో నమోదై 1993 ఏప్రిల్‌లో గుర్తింపు పొందిన ఎన్ఎస్ఈలో యాజమాన్యం వేరు, వ్యాపార హక్కు వేరు. అక్కడ ‘సభ్యుడు’ బదులు ‘ట్రేడింగ్ మెంబర్’ అన్న మాట మొదటి నుంచీ ఉంది.

2001 మార్చిలో ధరలు కూలిన తర్వాత బీఎస్ఈ పాలకవర్గంలోని బ్రోకర్ డైరెక్టర్లను సెబీ తప్పించింది. జస్టిస్ ఎం.హెచ్. కనియా నాయకత్వంలోని బృందం 2002లో ఎక్స్ఛేంజీలను కంపెనీలుగా మార్చి, యాజమాన్యాన్ని వ్యాపార హక్కు నుంచి వేరు చేయాలని సూచించింది. 2004 సవరణ చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. 2005లో బీఎస్ఈ కంపెనీగా మారింది. వాటాల్లో కనీసం 51 శాతం ట్రేడింగ్ మెంబర్లు కాని ప్రజల చేతుల్లో ఉండాలన్న షరతును గడువులోగా తీర్చలేక, 1943లో మొదలైన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజీ 2007 ఆగస్టులో గుర్తింపు కోల్పోయింది.

2012, 2018 సంవత్సరాల్లో వచ్చిన సెబీ నిబంధనలు విచారణ కమిటీల కూర్పును నిర్దేశించాయి. 2012 తర్వాత ‘క్రమశిక్షణ చర్యల కమిటీ’, ‘డిఫాల్టర్ల కమిటీ’ అని విడివిడిగా ఉన్నవి, 2018 నిబంధనల తర్వాత ‘మెంబర్ అండ్ కోర్ సెటిల్‌మెంట్ గ్యారంటీ ఫండ్ కమిటీ’ అనే ఒకే గొడుగు కిందికి వచ్చాయి. ప్రజా ప్రయోజన డైరెక్టర్లకు ఇందులో కీలక స్థానం ఉంది. సభ్యత్వం ఇచ్చేదీ, శిక్ష వేసేదీ, డిఫాల్టర్‌గా ప్రకటించేదీ ఒకే కమిటీ కావడం పనిని వేగవంతం చేస్తుంది. అధికారం ఒకేచోట పోగుపడటం దీని రెండో ముఖం. క్రమశిక్షణ వరకు నిజమైన మలుపు 1992 కంటే 2004–2018 మధ్య కాలమేనన్న అభిప్రాయానికి ఆధారాలు బలంగా ఉన్నాయి.

ఇదే కాలంలో ‘సబ్-బ్రోకర్’ అనే తరగతి కూడా అంతరించింది. 2019 మార్చి 31లోగా వారు ‘ఆథరైజ్డ్ పర్సన్’గానో, ట్రేడింగ్ మెంబర్‌గానో మారాల్సి వచ్చింది.

జరిమానా లెక్క

విచారణతో పని లేకుండా పట్టిక ప్రకారం పడే జరిమానాలు కంప్యూటర్ ట్రేడింగ్ వచ్చాక పెరిగాయి. 2011 ఆగస్టు సెబీ సర్క్యులర్‌లోని డెరివేటివ్స్ మార్జిన్ కొరత లెక్క మంచి ఉదాహరణ. కొరత లక్ష రూపాయలకూ, చెల్లించాల్సిన మార్జిన్‌లో 10 శాతానికీ లోపు ఉంటే రోజుకు 0.5 శాతం, ఆ రెండింటిలో దేన్ని తాకినా 1 శాతం. వరుసగా మూడు రోజులు దాటితే ఆపై ప్రతి రోజుకూ 5 శాతం. 10 లక్షల మార్జిన్‌లో 80 వేలు తగ్గితే రోజుకు 400 రూపాయలు. 1.5 లక్షలు తగ్గితే 1,500. అదే కొరత నాలుగో రోజుకూ తీరకపోతే ఆ రోజుకు 7,500. మార్జిన్ వసూలు చేయకుండానే చేసినట్టు చూపితే ఆ మొత్తానికి నూటికి నూరు శాతం జరిమానా, దానికి తోడు ఒక రోజు సస్పెన్షన్.

‘రిస్క్ రిడక్షన్ మోడ్’ దీనికి భిన్నం. బ్రోకరు ఉంచిన పూచీలో అధిక భాగం వాడకంలోకి రాగానే వ్యవస్థ తనంతట తానే పెండింగ్ ఆర్డర్లను రద్దు చేసి, ఉన్న పొజిషన్లను తగ్గించే ఆర్డర్లనే అనుమతిస్తుంది. చూడటానికి శిక్షలా ఉన్నా ఇది క్రమశిక్షణ చర్య కాదు.

కార్వీ ఉదంతం, తర్వాతి మార్పులు

హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన కార్వీ స్టాక్ బ్రోకింగ్‌పై ఖాతాదారుల షేర్లను దుర్వినియోగం చేసిందన్న ప్రాథమిక నిర్ధారణతో సెబీ 2019 నవంబరు 22న మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. డిసెంబరు 2న ఎన్ఎస్ఈ, బీఎస్ఈ దాని ట్రేడింగ్‌ను నిలిపివేశాయి. ఎన్ఎస్ఈ 2020 నవంబరు 23న బహిష్కరించి, డిఫాల్టర్‌గా ప్రకటించింది. పైన చెప్పిన సస్పెన్షన్, బహిష్కరణ, డిఫాల్టర్ ప్రకటన మూడూ వరుసగా ఒకే సంస్థకు వర్తించిన ఉదాహరణ ఇది. సస్పెన్షన్‌కూ డిఫాల్టర్ ప్రకటనకూ మధ్య దాదాపు ఏడాది గడిచింది. ఎక్స్ఛేంజీ ఇన్వెస్టర్ల రక్షణ నిధి నుంచి పరిహారం కోరే దారి ఆ ప్రకటన తర్వాతే తెరుచుకుంటుంది కాబట్టి చిన్న మదుపరులకు ఈ జాప్యం భారమైంది. అప్పట్లో ఎన్ఎస్ఈలో ఆ పరిహారం పరిమితి ఒక్కొక్కరికి 25 లక్షల రూపాయలు.

ఈలోగా 2020 జూలై 1న సెబీ డిఫాల్ట్ దిశగా పోతున్న బ్రోకర్ల విషయంలో ఎక్స్ఛేంజీలు, డిపాజిటరీలు అనుసరించాల్సిన ప్రామాణిక పద్ధతిని ప్రకటించింది. ప్రమాద సంకేతం కనబడగానే టెర్మినళ్ల నిలిపివేత, డీమ్యాట్ ఖాతాల స్తంభన వంటి చర్యలు ఏ క్రమంలో జరగాలో అది చెబుతుంది. 2020 సెప్టెంబరు నుంచి మార్జిన్ కోసం ఇచ్చే షేర్లు బ్రోకరు ఖాతాకు బదిలీ కాకుండా, ఖాతాదారు డీమ్యాట్‌లోనే తాకట్టు గుర్తుతో ఉండే పద్ధతి అమల్లోకి వచ్చింది. దుర్వినియోగాన్ని అరికట్టడంలో ఏ శిక్ష కన్నా ఈ రెండో ఏర్పాటే ఎక్కువ ప్రభావం చూపిందని భావించవచ్చు.

2025 సవరణ

2025 అక్టోబరులో సెబీ బ్రోకర్లపై ఎక్స్ఛేంజీలు వేసే జరిమానాలను క్రమబద్ధం చేస్తూ కొత్త ఏర్పాటు ప్రకటించింది. రెండు వందలకు పైగా అంశాలను సమీక్షించి కొన్నింటికి జరిమానా ఎత్తివేశారు. మరికొన్ని చిన్న లోపాలకు మొదటిసారి సలహా లేదా హెచ్చరికతో సరిపెట్టారు. ఒకే తప్పు పలు ఎక్స్ఛేంజీల్లో బయటపడితే ఒక ప్రధాన ఎక్స్ఛేంజీయే చర్య తీసుకుంటుంది. పద్ధతిపరమైన, సాంకేతికమైన లోపాలకు వేసే మొత్తాన్ని ఇకపై ‘పెనాల్టీ’ అనకుండా ‘ఫైనాన్షియల్ డిస్ఇన్సెంటివ్’ అనాలన్నది పరిభాష వరకు పెద్ద మార్పు. నివేదిక ఒక రోజు ఆలస్యమైన సంస్థకూ, ఖాతాదారుల సొమ్ము వాడుకున్న సంస్థకూ ఒకే ముద్ర పడుతోందన్న బ్రోకర్ల ఫిర్యాదు దీని వెనుక ఉంది.

ఇది పేరు మార్పు మాత్రమేనా అన్నదానిపై భిన్నాభిప్రాయాలకు అవకాశం ఉంది. డబ్బు చెల్లించాల్సి వచ్చినంతవరకు 9వ సెక్షన్‌లోని ‘జరిమానా’ పరిధి నుంచి అది బయటపడదన్నది ఒక వాదన. హెచ్చరికతో ఆపడం, ఒకే చోట చర్య తీసుకోవడం వంటి అసలు మార్పులు జతగా రావడంతో దీన్ని కేవలం పేరు మార్పుగా కొట్టిపారేయలేమన్న వాదన ఎక్కువ సమంజసంగా తోస్తుంది.

అప్పీలు

ఎక్స్ఛేంజీ నిర్ణయంతో నష్టపోయినవారు 1956 చట్టంలోని 23ఎల్ సెక్షన్ కింద సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఈ సెక్షన్ కూడా 2004 సవరణతో వచ్చిందే. బ్రోకరును తోటి బ్రోకర్లు విచారించే రోజులు పోవడమూ, ఆ విచారణపై బయటి ట్రైబ్యునల్‌కు వెళ్లే హక్కు రావడమూ ఒకే చట్టంతో జరిగాయి.