తిరుగుడు ఇంజను - నెకార్సుల్మ్ కార్ఖానా చరిత్ర

యంత్రముల చరిత్రలో గెలిచినవారి పేర్లే జనుల నోళ్లయందు నిలుచును. కాని యొక క్రొత్త యూహను నమ్మి, దానికై యున్నదంతయు నొడ్డి, తుదకు తన స్వాతంత్ర్యమునే కోల్పోయిన సంస్థ చరిత్రయు తెలిసికొనదగినదే. జర్మనీ దేశమునందలి ఎన్.ఎస్.యు. కార్ఖానా కథ యట్టిది.

1873లో క్రిస్టియన్ ష్మిట్, హైన్రిచ్ ష్టోల్ అను నిరువురు రీడ్లింగెన్ పట్టణమున అల్లిక యంత్రములు చేయు చిన్న పనిశాలను నెలకొల్పిరి. 1880లో ఆ పనిశాల నెకార్ నదీతీరమునందలి నెకార్సుల్మ్ పట్టణమునకు మారెను. ఆ పట్టణపు పేరులోని యక్షరములనుండియే ఎన్.ఎస్.యు. అను పేరు పుట్టినది. 1886లో సైకిళ్లను, 1901లో మోటారు సైకిళ్లను, పిదప కొలది యేండ్లకే కార్లను గూడ అచ్చటి పనివారు తయారుచేసిరి. 1930 ప్రాంతమున ధనపు టిబ్బందులచేత కార్ల కార్ఖానాను ఇటలీ దేశపు ఫియట్ సంస్థకు విక్రయింపవలసి వచ్చెను. అయినను మోటారు సైకిళ్లలో ఆ సంస్థ కీర్తి తగ్గలేదు. 1956లో అమెరికాలోని బాన్విల్ ఉప్పుమైదానమున విల్హెల్మ్ హెర్జ్ ఎన్.ఎస్.యు. మోటారు సైకిలుపై గంటకు 200 మైళ్లకు మించిన వేగముతో పోయెను. అంతకు ముందెవ్వరును మోటారు సైకిలుపై అంత వేగము నందుకొని యుండలేదు. మరుసటి యేట ప్రింజ్ అను చిన్న కారును చూపి, సంస్థ మరల కార్ల వ్యాపారమున ప్రవేశించెను.

ఈలోపల ఆ కార్ఖానాలో వేరొక ప్రయత్నము సాగుచుండెను. ఫెలిక్స్ వాంకెల్ అనునతడు విశ్వవిద్యాలయమున చదివినవాడు కాడు. 1951లో సంస్థ అతనితో ఒడంబడిక చేసికొనెను. 1957 ఫిబ్రవరి 1వ తేదీన అతని ఇంజను మొదటిసారి నడిచినది. హాన్స్ డీటర్ పాష్కె అను ఇంజనీరు దాని నిర్మాణమును సులభపరచెను.

సామాన్యమైన ఇంజనులో పిస్టను ముందునకును వెనుకకును కదలుచుండును. క్రాంకు ఆ కదలికను భ్రమణముగా మార్చును. వాంకెల్ ఇంజనులో పిస్టనునకు బదులు త్రికోణాకృతిగల యొక దిమ్మె, నడుమ కొంచెము నొక్కినట్లుండు కోలగూటియందు తిరుగును. దాని మూడు ముఖములును వరుసగా గాలి పెట్రోలుల మిశ్రమమును పీల్చి, నొక్కి, మండించి, పొగను వెడలగొట్టును. పనిముట్లు తక్కువ, బరువు తక్కువ, కుదుపు తక్కువ. అయితే దిమ్మె కొనలయందు అమర్చిన సన్నని బద్దలు గూటిగోడను ఎడతెగక ఒరయుచుండవలెను. అవి యరిగినచో వాయువు సందుచేసికొని పోవును, ఇంజను బలము నశించును.

1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనమున స్పైడర్ అను చిన్న కారు చూపబడెను. మరుసటి యేటినుండి అమ్మబడిన ఈ కారే తిరుగుడు ఇంజనుతో ప్రజలకు లభించిన మొట్టమొదటి కారు. 1967లో రో 80 వెలువడెను. 115 అశ్వబలముల ఇంజను, నాలుగు చక్రములకును డిస్కు బ్రేకులు, గాలిని చీల్చుకొని పోవు ఆకృతి చూచి జనులు విస్మయపడిరి. దాని రూపమును తీర్చినవాడు క్లౌస్ లూటె. యూరపునందలి పత్రికా రచయితలు దానిని 1968వ సంవత్సరపు ఉత్తమ కారుగా నెన్నిరి.

ఆ కీర్తి వెంటనే కష్టమును వచ్చెను. పెక్కు కార్లలో ఆ బద్దలు 50,000 కిలోమీటర్లు నడువకమునుపే చెడిపోయెను. సంస్థ తన మాట తప్పక, ఉచితముగా క్రొత్త ఇంజనుల నమర్చెను. రో 80 యజమానులు దారిలో నెదురుపడినప్పుడు, ఎన్ని ఇంజనులు మార్చితిమో వ్రేళ్లెత్తి చూపుకొనెడివారని చెప్పుదురు. ఆ వ్యయమును చిన్న సంస్థ భరింపజాలలేదు. 1969లో అది వోక్స్‌వ్యాగన్ అధీనమునందలి ఆటో యూనియన్‌లో కలిసిపోయెను. బద్దల లోపము క్రమముగా సవరింపబడినను, పోయిన నమ్మకము తిరిగి రాలేదు. 1973 నాటి చమురు సంకటము, పెట్రోలు హెచ్చుగా త్రాగు ఆ కారునకు మరియొక దెబ్బయైనది. 1977లో రో 80 నిర్మాణము నిలిచిపోయెను. ఆ పదేండ్లలో తయారైనవి 37,000 పైచిలుకు మాత్రమే. 1985లో సంస్థ పేరు ఆడీ అని మారుటతో ఎన్.ఎస్.యు. అను పేరును తొలగిపోయెను.

అయినను ఆ శ్రమ వ్యర్థము కాలేదు. జపానునందలి హిరోషిమాలోని మాజ్దా కార్ల కంపెనీ 1961లోనే ఆ ఇంజనునకు అనుమతి పొందియుండెను. కెనిచి యమమోటో నాయకత్వమున అచ్చటి ఇంజనీర్లు ఆ బద్దలనే యేండ్ల తరబడి పరీక్షించి బాగుచేసిరి. 1991లో ఫ్రాన్సుదేశమున ల మాన్స్ ఇరువదినాలుగు గంటల పందెమును గెలిచిన మాజ్దా కారు తిరుగుడు ఇంజనుతోడనే పరుగెత్తినది.

నెకార్సుల్మ్‌లోని పాతకోటయందు నేడు ఎన్.ఎస్.యు. వాహనముల ప్రదర్శనశాల కలదు. ఆ పట్టణపు కార్ఖానాలో ఇప్పటికిని ఆడీ కార్లు తయారగుచున్నవి. క్రొత్త యూహను పట్టుదలతో సాధించిన ఆ పనివారు, దానిని పూర్తిగా పరీక్షింపక మునుపే జనుల చేతికిచ్చిరి. ఆ తొందరకు వారు చెల్లించిన మూల్యము పెద్దది. కాని వారు మొదలిడిన పనిని దూరదేశమున వేరొకరు ముగించిరి. విద్య యొకరి సొత్తు కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?