విషమజ్వరలింగము

హైదరాబాదునందలి అమీరుపేట, పంజాగుట్టలకుఁ జేరువనున్న బేగంపేటలో నొక ప్రాఁతభవనము కలదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదిని రోనాల్డు రాసను సైనికవైద్యుఁడు దోమ కడుపులో విషమజ్వరబీజమును గనుఁగొన్న దిచ్చటనే. ఈ కీర్తి యాతనిదే యైనను, ఆ బీజమును గుర్తించుటకు సాధనమైన లింగము మాత్రము జర్మనుదేశమునఁ బూర్వమే కనఁబడి యుండెను.

రోగనిదానశాస్త్రమున నగ్రగణ్యుఁడగు రుడాల్ఫు విర్కో 1821లో ప్రష్యారాజ్యములోని పొమరేనియామండలమున జన్మించెను. 1848లో ఎగువ సైలీషియాయందు టైఫసు జ్వరము ప్రబలఁగా నచటికిఁ బంపఁబడి, ప్రజల దారిద్ర్యమును, విద్యాహీనతయు దానికి మూలములని నిర్భయముగాఁ బాలకులకు నివేదించెను. రోగమునకు నెలవు కణమే యను సిద్ధాంతమును 1858లో వెలువడిన గ్రంథమునఁ బ్రతిపాదించెను.

ఆ కాలమున విషమజ్వరము చెడుగాలివలనఁ గలుగునని తలఁచుచుండిరి. మలేరియా యను పదమునకు ఇటలీభాషలో నదియే యర్థము. 1847లో హైన్రిఖు మెకెలు ఒక మృతుని రక్తమునందును, ప్లీహమునందును నల్లని రేణువులఁ జూచెను. 1849లో విర్కో యట్టి రేణువులనే కాంచి, యవి విషమజ్వరమువలనఁ గలిగినవని చెప్పెను. ఇరువురును ధూమమును జూచిరి గాని వహ్నిని జూడలేదు. 1880లో అల్జీరియాయందు లావెరాను అను ఫ్రెంచివైద్యుఁడు రోగి రక్తమునఁ బరాన్నజీవిని గనుఁగొనెను. ఎఱ్ఱకణములలోని హిమోగ్లోబినును భక్షించి యది మిగిల్చెడి శేషమే యా రేణువు.

బేగంపేటలో హుస్సేను ఖాను అను రోగి, దోమకు నొక యణా చొప్పునఁ బుచ్చుకొని, తన్నుఁ గుట్టనిచ్చెను. ఆ దోమలను రాసు కోసి చూడఁగా జఠరకుడ్యమున గుండ్రని కణములు కానవచ్చెను. అవి దోమ శరీరకణములే యేల కారాదను శంకకు నవకాశము కలదు. దానిఁ దీర్చినవి యా కణములలోని నల్లని రేణువులే. రోగి రక్తమునఁ గనఁబడు రేణువే దోమయందును గనఁబడుటచే బీజ మొక్కటియే యని యూహింప వీలయ్యెను. 1898లో రాసు కలకత్తాయందుఁ బక్షుల జ్వరబీజము దోమ లాలాగ్రంథులఁ జేరుటను జూపెను. మనుష్యజ్వరమున నదే మార్గమును ఇటలీ శాస్త్రజ్ఞులు స్థాపించిరి.

1902 సెప్టెంబరు 5న విర్కో మరణించెను. ఆ డిసెంబరులోనే రాసునకు నోబెలు బహుమానము లభించెను. లింగమును గాంచినవారు వేఱు, లింగిని గాంచినవారు వేఱు. నడుమ నర్ధశతాబ్దము గడచెను. కావున బేగంపేట ఘనతను బాఠశాలలలో బోధించునపుడు, రాసుతోఁబాటు మెకెలు, విర్కోలను, అణాకై చేయి చాఁచిన హుస్సేను ఖానును స్మరించుట న్యాయము.