ఓడిన రాజ్యం, మిగిలిన భూమి

1948 సెప్టెంబర్ 18న నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్, భారత సైన్యం తరఫున వచ్చిన మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లొంగిపోయాడు. అయిదు రోజుల్లో ముగిసిన ఆ యుద్ధానికి సర్కారు పెట్టిన పేరు పోలీసు చర్య. ఆ తర్వాత ఎనిమిదేళ్లు హైదరాబాద్ రాష్ట్రం కుదురుగా నిలబడింది లేదు. అయితే ఇవాళ మాదాపూర్, రాయదుర్గం, మణికొండల్లో అద్దాల మేడల కింద ఉన్న నేల ఎవరిదన్నది చాలామటుకు తేలింది ఆ రోజుల్లోనే.

హైదరాబాద్‌లాగే యుద్ధంలో ఓడి, రాచరికం పోయి, ఓట్లు వచ్చిన దేశం అంటే ముందు జర్మనీయే గుర్తొస్తుంది. 1918లో కైజర్ హాలండ్‌కు పారిపోయాడు. మరుసటి ఏడాది వైమార్ పట్టణంలో కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. పద్నాలుగేళ్లలో ఇరవై దాకా మంత్రివర్గాలు మారాయి. 1923 నవంబర్‌కల్లా ఒక డాలర్ ధర 4.2 లక్షల కోట్ల మార్కులు. ఈ కథ చెప్పేవాళ్లంతా బుట్టల్లో మోసుకెళ్లిన నోట్ల దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం అసలు జబ్బు భూమి దగ్గరుందని అనిపిస్తుంది. కైజర్ పోయినా జర్మనీ తూర్పు ప్రాంతపు భూస్వాముల ఎస్టేట్లు చెక్కుచెదరలేదు. జడ్జీలు, సైన్యాధికారులు చాలావరకు పాతవాళ్లే. 1925లో అధ్యక్షుడైన ఫీల్డ్ మార్షల్ హిండెన్‌బర్గ్ ఆ కులీన వర్గం మనిషే. 1927లో ఆయన 80వ పుట్టినరోజుకు నాయ్‌డెక్ ఎస్టేటు కానుకగా అందింది. 1932లో ఛాన్సలర్ బ్రూనింగ్ ప్రభుత్వం దివాలా తీసిన ఎస్టేట్లలో రైతులకు భూములిద్దామని తలపెట్టేసరికి, ఇది బోల్షెవిజమేనని భూస్వాములు గోల చేశారు. మే 30న బ్రూనింగ్ దిగిపోయాడు. అదొక్కటే కారణం కాదు గానీ చిన్న కారణమూ కాదు. ఎనిమిది నెలలకు హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు.

మన దగ్గర వరస తిరగబడింది. ఎన్నికలు జరగకముందే, ఎవరూ ఓటేయని, చౌదరి నడిపిన సైనిక ప్రభుత్వం భూమి మీద చెయ్యి వేసింది. 1949 ఫిబ్రవరిలో నిజాం సొంత ఎస్టేటు సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో, అంటే ప్రభుత్వ భూముల్లో కలిసిపోయింది. ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యాయి. నగరానికి పడమట ఉన్న ఊళ్ల పాత ఆనవాళ్లు రెవెన్యూ రికార్డుల్లో ఇప్పటికీ పోలేదు: రాయదుర్గ్ పైగా, రాయదుర్గ్ పన్‌మక్తా, మణికొండ జాగీర్.

ఇదంతా చౌదరి దయాగుణమనుకోవద్దు. నల్లగొండ, వరంగల్ పల్లెల్లో కమ్యూనిస్టుల సంఘాలు అప్పటికే దొరల భూములు పంచేస్తున్నాయి. సైన్యం ఒకవైపు గెరిల్లాలను వేటాడుతూ మరోవైపు జాగీర్లు తీసేసింది. జాగీర్దార్లకు పరిహారం ముట్టింది. దేశ్‌ముఖుల పట్టా భూములు చాలావరకు వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. పోలీసు చర్య వెంటే, ముఖ్యంగా మరాఠ్వాడాలో, ముస్లింలపై జరిగిన హత్యాకాండను నమోదు చేసిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. నిజాం 1950లో రాజప్రముఖ్ అయ్యాడు, ఏడాదికి 50 లక్షల రాజభరణం. అయితే వైమార్ రాజ్యాంగం 48వ అధికరణం చేతిలో పట్టుకుని హిండెన్‌బర్గ్ పార్లమెంటును పక్కనపెట్టి పాలించినట్టు పాలించే అధికారం ఆయనకు లేదు. పైన ఢిల్లీ ఉంది.

1952 ఎన్నికల్లో 175 స్థానాల్లో కాంగ్రెస్‌కు 93 వచ్చాయి. నిషేధంలో ఉన్న కమ్యూనిస్టులు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో నిలబడి 42 గెలిచారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. నిన్నటిదాకా అడవుల్లో తుపాకీ పట్టినవాళ్లు అసెంబ్లీలో ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. జర్మనీ అతివాదులు మాత్రం సభలోకి వెళ్లింది సభను పడగొట్టడానికి.

బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యి ఆరు నెలలు తిరగకుండానే, ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న ముల్కీ గొడవ రాజుకుంది. సెప్టెంబర్‌లో సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. సొంత పార్టీలో స్వామి రామానంద తీర్థ వర్గం పోరు సరేసరి. హైదరాబాద్‌ను 1961 ఎన్నికల దాకా విడిగా ఉంచమని రాష్ట్రాల పునర్విభజనపై వేసిన ఫజల్ అలీ కమిషన్ చెప్పింది. ఎవరూ ఆగలేదు. 1956 నవంబర్ 1న మంత్రివర్గం కాదు, రాష్ట్రమే పోయింది.

తేలని ముల్కీ తగాదా 1969లో, 1972లో మళ్లీ భగ్గుమంది. దాన్ని చల్లార్చేందుకు 1973లో కుదిర్చిన ఆరు సూత్రాల పథకంలో ఒకటి కేంద్రీయ విశ్వవిద్యాలయం. అలా 1974లో పుట్టిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం కాలక్రమంలో గచ్చిబౌలి బండల మధ్యకు చేరింది. ఆ పడమటి దిక్కునే, మాదాపూర్‌లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించింది 1998 నవంబర్‌లో.

మణికొండ జాగీరులోని 1,654 ఎకరాలు అక్కడి దర్గా వక్ఫ్‌వని వక్ఫ్ బోర్డు, ప్రభుత్వానివని సర్కారు ఏళ్ల తరబడి కొట్లాడుకున్నాయి. అప్పటికే ఆ నేల మీద లాంకో హిల్స్ భవన సముదాయం లేచింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు, జాగీర్లు రద్దయినప్పుడే అవి ప్రభుత్వంలో కలిశాయని తేల్చింది. సాగు చేసుకునేవాళ్ల పేరు చెప్పి రద్దు చేసిన జాగీరు కంపెనీల చేతికి ఎలా చేరిందన్నది మాత్రం ఆ కేసు తేల్చిన ప్రశ్న కాదు.