తీరాన్ని వెనక్కి జరిపిన చట్టం

కాన్‌బెర్రా వెస్టన్ పార్కులో, సరస్సు ఒడ్డున, రంగులేసిన 353 కొయ్య స్తంభాలున్నాయి. పెద్దవాళ్ళకు పొడుగువి, పిల్లలకు పొట్టివి. 2001 అక్టోబరు 19న ఇండొనేషియా నుంచి ఆస్ట్రేలియాకు వస్తూ ఒక పడవ మునిగింది. అందులో పోయినవాళ్ళకు తలా ఒక స్తంభం. వాళ్ళలో 146 మంది పిల్లలు. ఇండియా నుంచి మా చుట్టాలెవరొచ్చినా పార్లమెంటు చూపించాక ఇక్కడికీ తీసుకొస్తాను. నేను వీసాతో విమానం దిగినవాణ్ణి. ఆ భాగ్యం లేనివాళ్ళ సంగతి మనవాళ్ళకు తెలియాలి.

పడవలంటే ఈ దేశం మొదటినుంచీ ఇప్పటిలా బెదరలేదు. 1976 ఏప్రిల్ 26న వియత్నాం నుంచి అయిదుగురు మగవాళ్ళు, స్కూలు అట్లాసులోని ఒక పుట చూసుకుంటూ, డార్విన్ చేరారు. వాళ్ళను ఉండనిచ్చారు. వెనకే మరిన్ని పడవలొచ్చాయి, వద్దన్నవాళ్ళూ ఉన్నారు. అయినా అప్పటి ప్రధాని ఫ్రేజర్ ప్రభుత్వం మలేసియా శిబిరాలకు అధికారుల్ని పంపి, వేలమందిని ఎంపిక చేసి విమానాల్లో తెచ్చుకుంది. పడవెక్కే అవసరమే తగ్గింది. నా లెక్కలో ఇంతకు మించిన విధానం ఆ తర్వాత రాలేదు.

1992లో ప్రధాని కీటింగ్ ప్రభుత్వం వీసా లేకుండా పడవల్లో వచ్చినవాళ్ళకు నిర్బంధం తప్పనిసరి చేసింది. 2001 ఆగస్టులో నార్వే సరుకు ఓడ 'టాంపా' నడిసముద్రంలో 433 మందిని కాపాడింది. ఎక్కువమంది అఫ్గాన్లు. కాపాడమని కబురు పెట్టింది ఆస్ట్రేలియా అధికారులే. కానీ ఓడ క్రిస్మస్ దీవి వైపు తిరిగేసరికి ప్రధాని హోవర్డ్ దాని మీదికి సైనికుల్ని పంపారు. చాలామందిని నౌరు దీవికి తరలించారు.

సెప్టెంబరులో వచ్చిన చట్టం మరీ విచిత్రం. క్రిస్మస్ దీవి, ఆష్‌మోర్ దిబ్బలు ఆస్ట్రేలియావే. అయినా అక్కడ పడవ దిగినవాళ్ళు మంత్రి ఒప్పుకుంటే తప్ప వీసా అడగడానికి వీల్లేదు. 2006లో హోవర్డ్ దీన్ని దేశమంతటికీ చాపబోతే సొంత పార్టీవాళ్ళే ఎదురుతిరిగారు, బిల్లు వెనక్కి పోయింది. వాళ్ళను నేటికీ గౌరవిస్తాను. 2013 మేలో ఆ పని లేబర్ పార్టీ ప్రభుత్వం పూర్తిచేసింది. డార్విన్ రేవులో దిగినా దిగనట్టే.

అదే ఏడాది జూలై 19న ప్రధాని కెవిన్ రడ్, పడవల్లో వచ్చే శరణార్థులెవరూ ఇక్కడ స్థిరపడలేరని ప్రకటించి, వాళ్ళను పాపువా న్యూగినీలోని మానస్ దీవికి పంపించే ఏర్పాటు చేశారు. ఇలాంటివాళ్ళను నౌరులో ఉంచే ఏర్పాటు చెల్లుతుందని 2016 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా హైకోర్టు తీర్పిచ్చింది. ఏప్రిల్లో, మానస్‌లో మనుషుల్ని అలా బంధించడం తమ రాజ్యాంగానికి విరుద్ధమని తేల్చింది పాపువా న్యూగినీ సుప్రీంకోర్టు.