మూడు జిల్లాల ఊరు, ఒక పాత సర్వరు

భద్రాచలంలో ఒక కార్యాలయపు కంప్యూటర్ల బాగోగులు చూచే నా పూర్వ విద్యార్థి మొన్న ఇంటికి వచ్చాడు. ఎవరు లోనికి రావచ్చునో, ఎవరికి ఏ దస్త్రము అందవచ్చునో నిర్ణయించే ద్వారపాలకుని వంటి డొమైన్ సర్వరు అక్కడ ముసలిదైనది. విండోస్ సర్వర్ 2012 నాటిది. 2023 అక్టోబరు 10తో దాని పొడిగించిన మద్దతు ముగిసింది.

"డొమైన్ పేరులో ఖమ్మం ఉంది మాస్టారూ. ఇప్పుడు కొత్త జిల్లా పేరు పెట్టమంటున్నారు" అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. ఈ ఊరు 1959 వరకు తూర్పుగోదావరిలోనిది. ఆ ఏడు ఖమ్మంలో కలిసింది. ఆ ఖమ్మమైనా 1953లో వరంగల్లు నుండి విడివడినదే. 2014లో చుట్టుపల్లెలు ఆంధ్రప్రదేశ్‌కు పోగా పట్టణం తెలంగాణలో మిగిలింది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. ఇల్లు కదలకుండానే మూడు జిల్లాల చిరునామా వ్రాసినవారున్నారిక్కడ!

పేరు మార్చితే ప్రతి యంత్రాన్నీ మళ్ళీ చేర్చుకోవలసిన తంటా రావచ్చునట. పేరు ఉంచితే, కొత్త సర్వరును పాతదాని సరసన నిలిపి, ఖాతాలన్నీ నకలైనాక అయిదు ప్రధాన బాధ్యతలను అప్పగించి, కొన్నాళ్ళు పరీక్షించి, అప్పుడు పాతదానికి వీడ్కోలు చెప్పవచ్చు.

"పేరు జోలికి పోకు నాయనా. యంత్రాన్ని మాత్రం మేడమీద పెట్టించు" అన్నాను. 1986 ఆగస్టులో ఇక్కడ గోదావరి 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3.